తమ్ముడు ఎంచుకున్న దిగుడు

ఆ ఇంటి ముందుగదిలో ఒక డ్రైవింగ్ స్కూలు, వెనకగదిలో ఇంకో డ్రైవింగ్ స్కూలు ఉన్నాయని వీధిలోవాళ్ళు నవ్వేవాళ్ళు. ముందుగదిలోది అసలుది. ఒక బల్ల, కాసిని కుర్చీలు, గోడకి రోడ్డు గుర్తుల పటం, గుమ్మం బయట నెత్తిన పలక బిగించిన చిన్న కారు. వెనకగదిలోది తమ్ముడిది. అక్కడ రోడ్డూ లేదు, పెట్రోలూ లేదు. గోడకి పెద్ద తెర, టేబుల్‌కి బిగించిన స్టీరింగు, ఏదో పాత కారులోంచి ఊడదీసిన సీటు. ఆ సీట్లో కూర్చుని వాడు లోకంలో ఉన్న బండ్లన్నీ నడిపేవాడు. ఒక్కదానికీ గీత పడేది కాదు.

అసలు స్కూలు అక్కది. తమ్ముడికి ఎలాగూ అక్కే. బండి నేర్చుకోడానికి వచ్చేవాళ్ళు కూడా, జుట్టు నెరిసినవాళ్ళతో సహా, ఆ పిలుపే పట్టుకున్నారు. ఆమెకి ముందు స్కూలు నడిపింది నాన్న. ఆయన్ని ఊరంతా మాస్టారు అనేది.

నేర్పేవాళ్ళ బండిలో ఒక విశేషం ఉంటుంది. నడిపేవాళ్ళ కాళ్ళ దగ్గర ఒక బ్రేకు, పక్కసీట్లో కూర్చుని నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు. నడిపేవాడు కంగారులో అన్నీ మర్చిపోయినా పక్కనున్న కాలు మర్చిపోదు. ఆ అలవాటు అక్కకి ఎంతగా పట్టేసిందంటే, బస్సులో చివరిసీట్లో కూర్చున్నా మలుపు రాగానే కుడికాలు నేలని తొక్కేది. వంటింట్లోంచి అమ్మ గబగబా వస్తుంటే కూడా తొక్కేది. అమ్మ చూసి, నేనేమైనా లారీనా అనేది.

తమ్ముడు పగలు బ్యాటరీల కొట్లో పనిచేసి, సాయంత్రం కాగానే ఆ వెనకగదిలో దూరేవాడు. తెర మీద వెలుతురు పడకుండా కిటికీకి దుప్పటి కట్టేశాడు. అందుకని ఆ గదిలో ఎప్పుడూ మసకచీకటే. పాత సీటు తోలు వాసన, వేడెక్కిన వైర్ల వాసన, కిందనుంచి సన్నగా బ్రేకు ఆయిలు వాసన. ఏం చేస్తున్నావురా అని అమ్మ అడిగితే, ట్యూను కడుతున్నానమ్మా అనేవాడు. ఇంతకాలంగా కడుతున్నావు, ఒక్క పాటా వినపడదే అని అమ్మ ఆశ్చర్యపోయేది. ఆటలో బండికి స్ప్రింగులు గట్టిగా పెట్టాలా, మెత్తగా పెట్టాలా, టైర్లలో గాలి ఎంత, బ్రేకు ముందు చక్రాలకి ఎక్కువా వెనక చక్రాలకి ఎక్కువా, ఇవన్నీ సరిచూసుకోడాన్నే ట్యూను అంటారని వాడు చెప్పాక, పోనీలే, నాలుగు చక్రాలూ శ్రుతిలో ఉంటే చాలు అంది. వాడు కట్టిన ట్యూన్ల కోసం ముఖాలు కూడా తెలియనివాళ్ళు ఎక్కడెక్కడినుంచో అడిగేవాళ్ళు. వాడికదే సంతోషం.

ట్యూను బాగుందో లేదో చూడాలంటే బండిని నడిపి చూడాలి. దానికొక ట్రాకు కావాలి. అది కూడా ఎప్పుడూ ఒకటే అయ్యుండాలి. రోజుకో ట్రాకు మీద నడిపితే మారింది బండో, దారో తెలియదు. తమ్ముడికి ఈ విషయంలో ఒక పట్టుదల ఉండేది. ఒక్కటే మార్చాలి, మిగతావన్నీ అలాగే ఉంచాలి, అప్పుడే తప్పు ఎక్కడుందో బయటపడుతుంది అని అన్నం తింటూ కూడా చెప్పేవాడు. అలాంటి ట్రాకు కోసం చాన్నాళ్ళు వెతికాడు. సముద్రం పక్కది తీసుకుంటే మరీ తిన్నగా ఉంది. అడవిలోది తీసుకుంటే అన్నీ మలుపులే. పట్నంలోది పట్టుకుంటే గోడలెక్కువ. ఒక రోజు, దొరికిందక్కా అంటూ వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు.

తెర మీద ఒక కొండదారి. పొడుగ్గా తిన్నటి రోడ్డు, తర్వాత కాస్త గతుకులు, ఆపైన దిగుడు. ఎడమపక్క కొండ కోసేసిన గోడ, కుడిపక్క మోకాలెత్తు పిట్టగోడ. చివర ఒక్కసారిగా తిరిగిపోయే మలుపు. బండి వేగం చూడ్డానికి తిన్నటి రోడ్డుంది, స్ప్రింగులు చూడ్డానికి గతుకులున్నాయి, బ్రేకు చూడ్డానికి దిగుడుంది అని వాడు మురిసిపోతున్నాడు.

"ఇక్కడ బండి అబద్ధం చెప్పలేదక్కా" అన్నాడు.

అక్క కుడికాలు నేలని తొక్కిపట్టి ఉంది. మలుపు దాటినా తీయలేకపోయింది.

ఆ దిగుడు ఆమెకి తెలుసు. అచ్చం అదే కాకపోవచ్చు. ఆటలు తయారుచేసేవాళ్ళు ఈ ఊరు ఎప్పుడు చూశారు గనక. కానీ ఆ వాలు, ఆ పిట్టగోడ, మలుపు మొదట్లో రోడ్డు కొంచెం కుడికి ఒరగడం... నీళ్ళ ట్యాంకు కింద దిగుడు అలాగే ఉంటుంది. లైసెన్సు పరీక్ష పెట్టేది అక్కడే. నాన్న పోయింది అక్కడే.

అప్పటికి ఏడాది దాటింది. బండి నేర్చుకుంటున్న ఒక గుమాస్తా నడుపుతున్నాడు, నాన్న పక్కసీట్లో ఉన్నాడు. దిగుడులో బ్రేకు పట్టలేదు. బండి పిట్టగోడ కొట్టుకుని కిందకి పోయింది. గుమాస్తా బతికాడు. వాడు ఆసుపత్రిలో పడుకుని చెప్పిన ముక్క ఒకటే. మాస్టారు తన బ్రేకు తొక్కుతూనే ఉన్నారట, అది నేలకంటా పోయిందట, ఆఖరున ఆయన తనవైపు తిరిగి చాలా మెల్లగా "కాలు రావట్లేదు" అన్నారట. ఆ మాటకి ఎవరికి తోచిన అర్థం వాళ్ళు చెప్పారు. ఆ క్షణంలో పక్షవాతం వచ్చుంటుందన్నాడు డాక్టరు. తిమ్మిరెక్కి ఉంటుందన్నాడు స్కూలు బండి బాగుచేసే మెకానిక్ బాబాయ్. నాన్న వస్తువుల్లో ఒక కుడికాలి బూటు మాత్రమే ఇంటికి వచ్చింది. మడమ దగ్గర గట్టి తోలుకి ఒకవైపు నాలుగు సొట్టలు వరసగా, అవతలివైపు ఇంకొకటి విడిగా. ఇనుప ముక్కలేవో నొక్కుకుని ఉంటాయన్నారు. అమ్మ ఆ బూటుని గుడ్డలో చుట్టి బీరువా పైన పెట్టింది.

ఇదంతా తమ్ముడికి తెలియదా? తెలుసు. తెలిసి ఎంచుకున్నాడా, తెలియకుండానే వాడి మనసు ఎంచుకుందా, అక్క అడగలేకపోయింది. నాన్న పోయాక వాడి ముఖం వెలగడం అదే మొదలు. ఆర్పెయ్యడానికి ఆమెకి మనసు రాలేదు.

ఇంకొక సంగతి ఉంది. వాడి టేబుల్ కింద బిగించిన బ్రేకు పెడల్ కొట్లో కొన్నది కాదు. నాన్న బండిని తుక్కు కింద ఇచ్చేసేటప్పుడు నాన్న వైపు బ్రేకు ఒక్కటి ఊడదీసి తెచ్చుకున్నాడు. దానికి ఏవో వైర్లు కలిపి ఆటలో పనిచేసేట్టు చేసుకున్నాడు. దాని మీది రబ్బరు కుడిపక్క పైమూల నున్నగా అరిగిపోయి ఉంటుంది. నాన్న పాదం ఎప్పుడూ అటు ఒరిగేది. కాలి బొటనవేలు కొంచెం వంకర.

కొన్ని రోజులకి తమ్ముడు విసుక్కోవడం మొదలుపెట్టాడు. తను తొక్కకుండానే బ్రేకు పడుతోందట. తెర మూల బ్రేకు ఎంత పడిందో చూపించే ఎర్రగీత ఒకటి ఉంటుంది. దిగుడు మలుపు దగ్గరికి రాగానే ఆ గీత దానంతటది పూర్తిగా నిండిపోతోందట. వైరు మార్చాడు. అలాగే ఉంది. వైరు అలాగే ఉంచి ట్రాకు మార్చాడు. ఎక్కడా ఏమీ లేదు, ఎర్రగీత బుద్ధిగా వాడి కాలి మాటే విన్నది. మళ్ళీ కొండదారికి వచ్చాడు. మలుపు రాగానే... నిండిపోయింది.

ఆ సాయంత్రం బయట సన్నగా వాన. తమ్ముడు వచ్చి, ఒక్కసారి రా అక్కా అన్నాడు. సీట్లో కూర్చుని రెండు కాళ్ళూ పైకి మడిచి పెట్టుకున్నాడు, కింద కూర్చుని భోంచేసేవాడిలా. వేగం పెంచడానికి వేలితో ఏదో మీట నొక్కాడు. తెర మీద బండి కదిలింది. తిన్నటి రోడ్డు. గతుకులు. దిగుడు.

"కిందకి చూడు" అన్నాడు.

టేబుల్ కింద చీకటి. తెర వెలుతురు పెడల్ అంచు మీద సన్నగా పడుతోంది. బండి మలుపు దగ్గరికి వచ్చింది. పెడల్ కదిలింది.

కొంచెం ఆగి... మళ్ళీ కదిలింది. మెల్లగా. చప్పుడు లేకుండా. నేలకంటా దిగిపోయి అక్కడే ఉండిపోయింది.

తెర మీద బండి ఆగింది. తమ్ముడి కళ్ళనిండా నీళ్ళు.

"నాన్నక్కా" అన్నాడు.

అక్కకి భయం వెయ్యలేదు. ఇప్పుడు చెబితే వింతగా ఉంటుంది గానీ, నిజంగా వెయ్యలేదు. నాన్న బ్రేకు. నాన్న పోయిన దారిలాంటి దారి. పిల్లవాడు ఎక్కడ పడిపోతాడోనని తొక్కుతున్న కాలు. ఇంకేం కావాలి నమ్మడానికి. ఆమె వాడి తల తన పొట్టకి ఆనించుకుని చాలాసేపు నిలబడింది.

ఆ తర్వాత వాడు ట్యూన్లు కట్టడం మానేశాడు. అడిగినవాళ్ళు అడుగుతూనే ఉన్నారు, వాడు జవాబివ్వలేదు. రోజూ సాయంత్రం కాళ్ళు పైకి పెట్టుకుని ఆ దారిలోనే బండి వదిలేవాడు. అక్క కూడా పాఠాలు ముగించుకుని వచ్చి వెనక నిలబడేది. ఒకసారి, నాన్న పోయిన దిగుడులోకి నేర్చుకునేవాళ్ళని తీసుకెళ్తుంటే ఇప్పటికీ కాళ్ళు వణుకుతాయిరా అని వాడికి చెప్పింది. ఎవరికీ చెప్పని మాట అది. ఎందుకు చెప్పానా అని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో.

అమ్మ దగ్గర దాచలేకపోయారు. అమ్మ విని ఏడవలేదు, కాదనలేదు. లోపలికి వెళ్ళి పౌడరు డబ్బా తెచ్చింది. ఆ పెడల్ మీద ఇది చల్లు, ఆయన పాదం గుర్తు పడుతుంది కదా, ఆ వంకరవేలు ఒక్కసారి చూస్తాను అంది.

తమ్ముడు అప్పటికింకా కొట్లోంచి రాలేదు. అక్కే సీట్లో కూర్చుని, వాడిలాగే కాళ్ళు మడుచుకుంది. పెడల్ మీద పౌడరు తెల్లగా, పలచగా పరుచుకుంది. గదినిండా ఆ కమ్మటి వాసన. అమ్మ గోడ పట్టుకుని వంగి చూస్తోంది. తెర మీద బండి తిన్నటి రోడ్డు దాటింది. గతుకులు దాటింది.

దిగుడు.

పెడల్ కిందకి పోయింది. పోయి, అక్కడే ఉంది.

పౌడరు చెక్కుచెదరలేదు. ఎలా చల్లిందో అలాగే ఉంది. గుర్తు లేదు. వేలు లేదు. మంచు పడ్డ రాయిలాగ, ఎవరూ ముట్టుకోనట్టు.

"బరువు పడలేదే..." అంది అమ్మ మెల్లగా. "మీ నాన్న కాలైతే పడేది."

అక్క వృత్తి కాళ్ళు చూడడం. ఎవరు భయంతో తొక్కుతున్నారో, ఎవరు ధైర్యంగా తొక్కుతున్నారో పక్కసీట్లోంచి చెప్పేయగలదు. నాన్న బ్రేకు ఎలా తొక్కేవాడో ఆమెకి తెలుసు. కొంచెం నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కేవాడు, బిడ్డని జోకొట్టినట్టు. ఈ పెడల్ ఒక్కసారీ అలా దిగలేదు. ఇన్నాళ్ళూ చూస్తూ కూడా తను చూడలేదు. నాన్న పెడల్ కాబట్టి నాన్న కాలే అనుకుంది.

ఫోను లైటు వేసి టేబుల్ కిందకి వంగింది. పౌడరు మీద ఏమీ లేదు. కానీ పెడల్ పై అంచున, ఇనుము వెనక్కి మడిచిన చోట, పౌడరు నాలుగు చోట్ల చెరిగిపోయి ఉంది. పక్కపక్కనే నాలుగు.

పైనుంచి ఎవరూ తొక్కడం లేదు. వెనకనుంచి ఎవరో వేళ్ళు అంచుకి తగిలించి... కిందకి లాగుతున్నారు.

ఏమైందే అని అమ్మ అడిగింది. ఏం లేదమ్మా, నువ్వు వెళ్ళి పడుకో అంది అక్క. అమ్మ వెళ్ళగానే స్పానరు తెచ్చి ఆ పెడల్ ఊడదీసి, గోనెసంచిలో చుట్టి, పెరట్లో రేకు కింద పడేసింది. చేతులు సబ్బుతో కడుక్కున్నా ఆయిలు వాసన పోలేదు.

తమ్ముడు వచ్చాక పెద్ద రభసే అయింది. అక్క చూసింది చూసినట్టు చెప్పింది. వాడు నమ్మలేదు. ఫ్యాను గాలికి చెరిగి ఉంటుందన్నాడు, ఊడదీసేటప్పుడు నీ చెయ్యే తగిలి ఉంటుందన్నాడు, నీకు మొదటినుంచీ అనుమానమెక్కువ అన్నాడు. చివరికి గొంతు తగ్గించి, నాన్నని గోనెసంచిలో కట్టావు కదక్కా అన్నాడు. పొద్దున్నే దాన్ని తుక్కుకొట్టుకి పంపించెయ్ అని మాత్రం అక్క చెప్పింది. వాడు తలూపాడు.

మర్నాడు మధ్యాహ్నం కంపౌండరుగారి పాఠం. ఆయన వయసులో నాన్న సాటివాడు. సూది గుచ్చేటప్పుడు ఎంత మెల్లగా గుచ్చుతాడో బండి కూడా అంత మెల్లగా నడుపుతాడు. వెనక సైకిళ్ళు గంట కొట్టి దాటిపోతుంటే, పోనీ పాపం, వాళ్ళకేదో తొందరపని అంటాడు. ఆయనకి పరీక్ష దగ్గరపడింది. దిగుడు ఒక్కసారైనా చూపించక తప్పదు.

మబ్బు కమ్మింది. ట్యాంకు దాటేసరికి రోడ్డంతా బూడిదరంగు. దిగుడు మొదలైంది. బండి దానంతటది వేగం అందుకుంటోంది.

"కొంచెం బ్రేకు తగిలించండి కంపౌండరుగారూ."

"తొక్కుతున్నానమ్మా... ఇదేమిటి, దూదిలా ఉంది."

అక్క తన బ్రేకు తొక్కింది. పెడల్ కిందకి పోయింది. ఏదీ అడ్డం తగల్లేదు, నీళ్ళలో కాలు పెట్టినట్టు. ఇంకా పోయింది. నేలకంటా పోయింది. బండి ఆగలేదు. అప్పుడు కిందకి చూసింది.

రబ్బరు కుడిపక్క పైమూల... నున్నగా అరిగి ఉంది.

నాన్న బండీ ఈ బండీ ఒకే రకం. పొద్దున తను స్నానం చేసి వచ్చేసరికి తమ్ముడు బయట బండి దగ్గర ఏదో చేస్తూ కనిపించాడు. పలక సరిచేస్తున్నానక్కా అన్నాడు. వాడి ముఖంలో మంచి పని చేసినవాడి సంతోషం. నీ కాళ్ళు ఇక వణకవులే అని కూడా అన్నాడు. రాత్రి గొడవకి రాజీమాట అనుకుని ఆమె నవ్వింది.

పిట్టగోడ దగ్గరికొస్తోంది. పెడల్ మీంచి కాలు తీసి మళ్ళీ తొక్కాలి. నాన్న నేర్పింది అదే. తీయబోయింది.

రాలేదు.

మడమ వెనక చల్లగా ఏదో ఆనుకుంది. తడిగుడ్డ ఆనినట్టు మెత్తగా. ఆ తర్వాత మెత్తగా లేదు. బిగిసింది. ఒక్కొక్కటిగా... ఒకటి. ఇంకొకటి. ఇంకొకటి...

చెయ్యి చాపి హ్యాండ్‌బ్రేకు లాగాలని ఆమెకి తెలుసు. చెయ్యి లేవలేదు. ఒళ్ళంతా ఆ కాలి దగ్గరే ఉండిపోయింది. పెదాలు మాత్రం కదిలాయి.

"కాలు రావట్లేదు" అంది.

ఏడాదిగా ఊరంతా తలో అర్థం చెప్పిన మాట. తన నోట్లోంచి వచ్చాక తెలిసింది, అందులో అర్థం చెప్పుకోవలసిందేమీ లేదని. నాన్న ఉన్నదున్నట్టు చెప్పాడు.

కంపౌండరుగారు మెల్లటి మనిషే గానీ, చెప్పింది గుర్తుపెట్టుకునే మనిషి. మొదటిరోజు పాఠంలో, ఏమీ తోచనప్పుడు ఇది లాగండి అని అక్క చూపించిన మీటని రెండు చేతులతో పట్టుకుని లాగేశాడు. బండి కీచుమంటూ అడ్డం తిరిగి, పిట్టగోడకి పక్కవాటుగా రాసుకుని ఆగింది. గోడమీది రాయి ఒకటి కిందకి పడింది. అది అడుగున తగిలిన చప్పుడు చాలాసేపటికి వినపడింది.

మడమ దగ్గర బిగువు వదిలింది.

అమ్మాయ్, నేను పరీక్ష పాసైనట్టేనా అని అడిగాడాయన. అక్క నవ్వలేకపోయింది. కిందకి దిగి, బండి పట్టుకుని నిలబడి, మెకానిక్ బాబాయ్‌కి ఫోను చేసింది.

బాబాయ్ వచ్చి అన్నీ చూశాడు. ఆయిలు కారలేదు. గొట్టాలు బాగున్నాయి. కంపౌండరుగారి బ్రేకు ఇప్పుడు రాయిలా పట్టింది. నాన్న పోయినప్పుడూ ఇంతేనమ్మా, ఏ లోపమూ దొరకలేదు అని తలవంచుకున్నాడు. అక్క అడిగిందని ఆ పెడల్ అక్కడే ఊడదీశాడు. తుక్కుకొట్టుకి ఇద్దరూ కలిసే వెళ్ళారు. ఇనుము నొక్కే యంత్రంలో పెట్టించి, అది చపాతీలా పలచబడేదాకా అక్క కళ్ళార్పకుండా చూసింది. అప్పుడు గాని ఊపిరి పీల్చుకోలేదు.

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. అమ్మ ముందుగదిలో ఎవరితోనో ఫోనులో, రేపు రండి, అక్క ఇంకా రాలేదు అని చెబుతోంది. అక్క చెప్పులు గుమ్మంలో విడిచింది. కుడిచెప్పు మడమ పట్టీ మీద లోపలికి నొక్కుకుపోయిన గుంటలు. ఒకవైపు నాలుగు. ఆమె వంగి దాన్ని తిప్పబోయింది. వద్దనుకుంది. అవతలివైపు ఏముందో బీరువా పైనున్న బూటు చూసినవాళ్ళకి తెలుసు.

వెనకగదిలో ఆట చప్పుడు వినిపిస్తోంది.

అక్క పరుగెత్తబోయింది. అంతలో సర్దుకుంది. పెడల్ లేదు కదా. అది నుజ్జయిపోవడం తను చూసింది కదా. వాడిని కేకలెయ్యాలి, వెయ్యకుండా దగ్గరికి తీసుకోవాలి, ముందేది చెయ్యాలో తెలియక గుమ్మంలో నిలబడింది.

గదిలో మసకచీకటి. తెర మీద కొండదారి. బండి మలుపు దగ్గర ఆగి ఉంది. తమ్ముడు దానికి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. తల తిప్పలేదు.

"నాన్న నీ దగ్గరికి వచ్చేశాడా లేదా చూద్దామని పెట్టానక్కా" అన్నాడు చాలా మెల్లగా. "పెడల్ లేకుండా. మిగతావన్నీ అలాగే ఉంచి."

అక్క తెర మూలకి చూసింది. ఎర్రగీత పూర్తిగా నిండి ఉంది. తొక్కడానికి కింద ఏమీ లేదు. వైరు కొస ఊరికే నేలమీద పడి ఉంది. అది నిండే ఉంది.

ఒక్కటే మార్చాలి. మార్చారు. దానికి ఇక పెడల్ అక్కర్లేదు.

"ఒరేయ్, లే. అది ఆపెయ్. లేచి ఇటు రా."

వాడు లేవలేదు. అప్పుడు చూసింది. వాడి కాళ్ళు ఇవాళ పైకి మడిచి లేవు. కిందకి దించి ఉన్నాయి, టేబుల్ కింద చీకట్లోకి.

"అక్కా..." అన్నాడు. గొంతు చిన్నపిల్లాడిదైపోయింది. "కాలు రావట్లేదు."

అక్క మోకాళ్ళ మీద కూలబడి ఫోను లైటు వేసింది. నిన్నటి పౌడరు నేలమీద ఇంకా కొంచెం తెల్లగా ఉంది. అందులో వాడి కుడికాలు ఒంటరిగా ఆనుకుని ఉంది. పక్కన ఎవరూ లేరు. వెనక ఎవరూ లేరు. ఏమీ లేదు.

మడమ మీద చర్మం మాత్రం నాలుగు చోట్ల లోపలికి నొక్కుకుపోయి ఉంది. పక్కపక్కనే నాలుగు గుంటలు.

ఆమె చెయ్యి చాపింది.

ఆమె చూస్తుండగానే, అవతలివైపు... అయిదోది పడింది.